అందరికీ అందే అక్షరం: తెలుగులో డిజిటల్ అందుబాటు చరిత్ర

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- సమాచారాన్ని ‘ప్రకటించడం’, అది ప్రజలకు ‘అందడం’ అనే రెండింటి మధ్య తేడాను చారిత్రక ఉదాహరణలతో వివరించగలుగుతారు.
- బ్రెయిలీ లిపి నుంచి యూనికోడ్ వరకు తెలుగు అక్షరం పొందిన రూపాలను కాలక్రమంలో చెప్పగలుగుతారు.
- 1995, 2016 వికలాంగుల చట్టాల మధ్య తేడానూ, తరువాతి సుప్రీంకోర్టు తీర్పుల ప్రాధాన్యాన్నీ గుర్తించగలుగుతారు.
- మీ జిల్లాకు చెందిన ఒక డిజిటల్ పత్రం వికలాంగులకు అందుబాటులో ఉందో లేదో స్వయంగా పరీక్షించగలుగుతారు.

14.1 ప్రస్తావన

2016 అక్టోబరు 11న, విజయదశమి రోజున, తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి విడిపోయినవే. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరైంది. 2016 డిసెంబరులోనే పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టాన్ని ఆమోదించింది. ఈ రెండు ఘటనలకూ ప్రత్యక్ష సంబంధం లేదు. అయినా చరిత్ర విద్యార్థులుగా మీరు వీటిని పక్కపక్కన పెట్టి చూడాలి.

ఎందుకంటే ఈ మూడు జిల్లాలు ఇంటర్నెట్ కాలంలో పుట్టిన జిల్లాలు. ఉద్యోగ ప్రకటన, కలెక్టరు ఉత్తర్వు, ధ్రువపత్రానికి దరఖాస్తు, భూమి రికార్డు, పరీక్షా ఫలితం ఇవన్నీ ఇక్కడ మొదటి నుంచీ తెర మీదికి వస్తున్నవే. ఇలా తెర మీదికి వచ్చినదాన్ని చూపు లేనివారు, వినికిడి లేనివారు, చేతులు సరిగా ఆడనివారు చదవగలుగుతున్నారా అన్నదే ఈ భాగంలోని ప్రశ్న. వెబ్‌సైట్లు, పత్రాలు, వీడియోలు, యాప్‌లు వికలాంగులు కూడా తమంతట తాము వాడుకునేలా ఉండటాన్ని ‘డిజిటల్ అందుబాటు’ అంటారు. ప్రభుత్వ పత్రాల్లో దీనికి ‘సుగమ్యత’ అనే మాట కూడా కనిపిస్తుంది.

ఇది ఎందరికి సంబంధించిన విషయం? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు సుమారు 2.68 కోట్ల మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది. దేశం మొత్తం మీద చూపు లోపం ఉన్నవారు, వినికిడి లోపం ఉన్నవారు చెరి 50 లక్షలకు పైగా, కదలికల్లో లోపం ఉన్నవారు 54 లక్షలకు పైగా ఉన్నారు. ఈ లెక్కలను జాగ్రత్తగా వాడాలి. ఆ లెక్కలు తీసేనాటికి మన మూడు జిల్లాలు లేవు. పైగా అప్పటి గణనలో ఉన్న వైకల్య విభాగాల కంటే నేటి చట్టంలో ఉన్నవి చాలా ఎక్కువ. కాబట్టి దీన్ని కనీస సంఖ్యగానే తీసుకోవాలి.

ఈ భాగం అంతటా ఒక వాదన నడుస్తుంది. దాన్ని ముందే చెబుతున్నాను: చదవలేని పత్రం ఎప్పుడూ ఒక మధ్యవర్తిని పుట్టిస్తుంది. ఆ మధ్యవర్తి మంచివాడు కావచ్చు, కాకపోవచ్చు. కానీ అతడు లేకుండా పని జరగని స్థితి వచ్చినప్పుడు మనిషి హక్కు అతడి దయ మీద ఆధారపడుతుంది. అందుబాటు చరిత్ర అంటే తప్పనిసరి మధ్యవర్తి నుంచి విముక్తి పొందిన చరిత్ర.

14.2 శాసనం, చాటింపు, పహాణీ

మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో 13వ శతాబ్దికి చెందిన చెరువు శాసనం ఉంది. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువుకు సంబంధించిన ఈ శాసనం కాకతీయుల వంశక్రమానికి ముఖ్యమైన ఆధారం. శాసనాన్ని రాతి మీద చెక్కి బహిరంగ స్థలంలో నిలబెట్టేవారు. అంటే అది ‘ప్రకటితమైంది’. కానీ ఆ కాలంలో దాన్ని చదవగలిగినవారు కొద్దిమందే. మిగిలినవారికి అందులోని సంగతి ఇంకొకరు చెబితేనే తెలిసేది.

జనాలకు నేరుగా చేరిన ప్రకటన వేరే ఉంది. అది డప్పు చాటింపు. ఊళ్లో నాలుగు దారుల దగ్గర ఆగి, డప్పు కొట్టి చెప్పిన మాట చదువు రానివారికీ, చూపు లేనివారికీ కూడా ఒకేసారి అందేది. వినికిడి లేనివారికి మాత్రం అందేది కాదు. చాటింపు పోయి ఆఫీసు గోడ మీద నోటీసు వచ్చినప్పుడు ఈ లెక్క తారుమారైంది. చదువుకున్న బధిరుడికి కొత్తగా దారి తెరుచుకుంది, అంధుడికి ఉన్న దారి మూసుకుపోయింది. దీని నుంచి మీరు గ్రహించవలసిన సూత్రం ఒకటుంది. ఏ మాధ్యమం కూడా దానంతట అది అందరిదీ కాదు. ప్రతి మాధ్యమమూ కొందరికి తలుపు తీస్తుంది, మరికొందరికి వేస్తుంది. రెండు మూడు మార్గాల్లో ఒకే సమాచారం ఇచ్చినప్పుడే అది అందరికీ చేరుతుంది.

నిజాం కాలానికి వద్దాం. హైదరాబాదు రాజ్యంలో పాలనా భాష ఉర్దూ. అప్పటి నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలోని సామాన్య రైతు మాట్లాడేది తెలుగు. తన భూమి ఎవరి పేరున నమోదైందో పహాణీలో తానే చదువుకోలేకపోయేవాడు. పట్వారీ ఏం చెబితే అదే నిజం. దేశ్‌ముఖ్‌లు, పట్వారీలు రికార్డులను తమకు అనుకూలంగా రాయించుకోవడం తెలంగాణ రైతాంగ పోరాటానికి దారితీసిన కారణాల్లో ఒకటని మీరు ముందటి భాగాల్లో చదివారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పోరాడింది భూమి కోసమే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పోరాటం వెనుక ఉన్నవీ వెట్టి, భూమి సమస్యలే.

ఈ స్థితికి జవాబుగా వచ్చినవాటిలో గ్రంథాలయోద్యమం ముఖ్యమైనది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడ్డాయి. తన భాషలో తానే చదువుకోవాలన్న కోరిక ఆ ఉద్యమానికి ప్రాణం. అప్పుడు అడ్డు భాష. ఇప్పుడు మనం మాట్లాడుతున్న అడ్డు అక్షరం ఉన్న రూపం. కోరిక మాత్రం ఒక్కటే.

14.3 చుక్కల లిపి

ఫ్రాన్స్‌కు చెందిన లూయీ బ్రెయిలీ (1809–1852) చిన్నతనంలోనే చూపు కోల్పోయాడు. 15 ఏళ్ల వయసులో, 1824 నాటికి, వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపిని రూపొందించి 1829లో ప్రచురించాడు. ఒక గడిలో ఆరు చుక్కలు ఉంటాయి. వాటిని రకరకాలుగా ఉబ్బెత్తుగా పొడిస్తే 63 గుర్తులు వస్తాయి.

మన దేశంలో అంధుల కోసం మొదటి పాఠశాల 1887లో అమృత్‌సర్‌లో మొదలైంది. ఆ తరువాత వేర్వేరు ప్రాంతాల్లో, వేర్వేరు భాషలకు వేర్వేరు బ్రెయిలీ పద్ధతులు పుట్టాయి. ఒకచోట నేర్చుకున్నవారు ఇంకొకచోటి పుస్తకం చదవలేకపోయేవారు. స్వాతంత్ర్యం వచ్చాక యునెస్కో చొరవతో బ్రెయిలీ పద్ధతులను ఏకం చేసే ప్రయత్నం జరిగింది. 1951లో ‘భారతీ బ్రెయిలీ’ స్థిరపడింది. తెలుగు ‘క’కూ, హిందీ ‘క’కూ, ఇంగ్లీషు ‘కె’కూ ఒకే చుక్కలు. అదే సంవత్సరం డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం ఏర్పడింది.

భారతీ బ్రెయిలీ తెలుగును ఎలా రాస్తుందో గమనించండి. అచ్చులో మనం గుణింతం గుర్తును హల్లు తల మీదో పక్కనో, ఒత్తును కిందో పక్కనో రాస్తాం. బ్రెయిలీలో పైనా కిందా అనేది లేదు. హల్లు ఒక గడి, దాని తరువాత అచ్చు ఒక గడి. సంయుక్తాక్షరం వస్తే హలంతాన్ని తెలిపే గుర్తును కూడా వేరే గడిలోనే పెడతారు. అంటే బ్రెయిలీ అక్షరం బొమ్మను గీయదు, అక్షరం ఏమిటో వరుసలో చెబుతుంది. దీన్ని గుర్తుంచుకోండి. 40 ఏళ్ల తరువాత కంప్యూటరు ముందుకు వచ్చిన ప్రశ్న కూడా ఇదే.

బ్రెయిలీకి పరిమితులు ఉన్నాయి. ఒక మామూలు పుస్తకం బ్రెయిలీలో ఎన్నో లావుపాటి సంపుటాలు అవుతుంది. ముద్రణాలయాలు తక్కువ. పెద్ద వయసులో చూపు పోయినవారిలో చాలామందికి బ్రెయిలీ రాదు. అందుకే కళాశాల చదువులో తోటి విద్యార్థి చదివి వినిపించడం, పరీక్షలో సహాయకుడు రాయడం చాలా కాలం ప్రధాన మార్గాలుగా నిలిచాయి. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో చూపు లేని విద్యార్థులు హాస్టలు గదిలో ఎవరికి తీరిక దొరుకుతుందా అని ఎదురుచూసేవారు. వారి తెలివికి కొదవ లేదు. వారి చదువుకు సమయం మాత్రం ఇంకొకరి చేతిలో ఉండేది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. డప్పు చాటింపు, నోటీసు బోర్డు ఎవరెవరికి అందుబాటులో ఉంటాయి? ఎవరికి ఉండవు?
2. అచ్చులోని తెలుగు రాతకూ, భారతీ బ్రెయిలీ రాతకూ ఉన్న ముఖ్యమైన తేడా ఏది?

14.4 కంప్యూటరులో తెలుగు: బొమ్మా, అక్షరమా?

1980లలో కంప్యూటరు మీద భారతీయ భాషలు రాయడం మొదలైంది. సీ-డాక్ వంటి సంస్థల కృషితో ‘ఇస్కీ’ అనే సంకేత పద్ధతి వచ్చింది. 1991లో అది భారతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది. అదే ఏడాది అక్టోబరులో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలో తెలుగు లిపికి ప్రత్యేక స్థానం దక్కింది. ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా చెల్లే ఒక సంఖ్య వచ్చింది.

కానీ ముద్రణారంగం మరో దారిలో నడిచింది. డీటీపీ కేంద్రాలు, పత్రికలు, ప్రచురణకర్తలు అను వంటి సొంత సంకేతాల ఫాంట్లతో పనిచేశారు. ఈ ఫాంట్ల కిటుకు ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గడుల్లో తెలుగు అక్షరాల బొమ్మలను కూర్చడం. తెర మీద, కాగితం మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది. కంప్యూటరు లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే అర్థంలేని గీతలు కనిపించడం మీలో కొందరికి అనుభవమే అయి ఉంటుంది.

చూపు ఉన్నవారికి ఇది చిన్న చికాకు. ఫాంటు తెచ్చుకుంటే సరిపోతుంది. చూపు లేనివారికి పూర్తిగా వేరే సంగతి. వారు వాడే స్క్రీన్ రీడర్ బొమ్మను చూడదు, లోపలి సంకేతాన్ని చదువుతుంది. కాబట్టి ‘జనగామ’ అని కనిపించే చోట దానికి వినిపించేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల పోగు. అచ్చుకు అందంగా ఉన్న పత్రం చెవికి శూన్యం.

యూనికోడ్ పద్ధతి దీనికి భిన్నం. ‘క్ర’ అనే అక్షరాన్ని క, పొల్లు గుర్తు, ర అనే వరుసలో దాచుతుంది. ఒత్తును ఎక్కడ గీయాలో ఫాంటు చూసుకుంటుంది. అక్షరం ఏమిటన్నది వేరు, అది ఎలా కనిపించాలన్నది వేరు. బ్రెయిలీ 1951లో చేసిన విభజనే ఇది. అందుకే యూనికోడ్‌లో ఉన్న తెలుగును చెవికి వినిపించవచ్చు, చుక్కల్లోకి మార్చవచ్చు, పెద్దది చేసి చూపవచ్చు, వెతకవచ్చు.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు యూనికోడ్‌కు, ‘గౌతమి’ ఫాంటుతో సహా, వీలు కలిగింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యూనికోడ్‌లోనే మొదలైంది. ఆ దశాబ్దంలో లేఖిని వంటి ఉచిత పరికరాలు వచ్చి ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు టైపు చేయడాన్ని సులువు చేశాయి. సొంత సంకేతాల్లోని వార్తలను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను నాగార్జున వెన్న తయారు చేశారు. తొలి తరం ఉచిత యూనికోడ్ ఫాంట్లలో ఒకదాని పేరు ‘పోతన’. జనగామ జిల్లా బమ్మెరకు చెందిన కవిగా ఈ ప్రాంతం గౌరవించుకునే పోతన పేరే అది. ఈ పనులు చేసినవారిలో ఎక్కువమంది తెలుగు మీది ఇష్టంతో పనిచేసిన స్వచ్ఛంద కార్యకర్తలు. వికలాంగుల కోసమని వారు మొదలుపెట్టకపోయినా, వారి కృషి లేకపోతే తెలుగులో అందుబాటు ఉండేది కాదు.

14.5 చదివి వినిపించే యంత్రం

స్క్రీన్ రీడర్ అంటే తెర మీది పాఠాన్ని గొంతుతో చదివే సాఫ్ట్‌వేర్. ‘జాస్’ అనే స్క్రీన్ రీడర్ 1989లో డాస్ కోసం, 1995లో విండోస్ కోసం వచ్చింది. దాని ధర మన దేశంలో సామాన్య విద్యార్థికి అందేది కాదు. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ ‘ఎన్‌వీడీఏ’ను మొదలుపెట్టాడు. జేమ్స్ తే అతనితో కలిశాడు. ఇద్దరూ చూపు లేనివారే. వారు దాన్ని ఉచితంగా ఇచ్చారు. ఈ-స్పీక్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గొంతు ద్వారా అది తెలుగు కూడా చదవగలిగింది. 2009 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉంది. ఈ రోజు మీ చేతిలోని మామూలు ఫోనులో కూడా సెట్టింగ్స్‌లోకి వెళితే అది కనిపిస్తుంది.

తెలుగు నేల మీద జరిగిన పరిశోధనను కూడా గుర్తించాలి. తెలుగు పాఠాన్ని మాటగా మార్చే పనిలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కృషి చేశారు. అచ్చు పుటను అక్షరాలుగా గుర్తించే పద్ధతిని ఓసీఆర్ అంటారు. 2001లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి, బి. కృష్ణ తెలుగు ఓసీఆర్ మీద పరిశోధన పత్రం వెలువరించారు. గుణింతాలు, ఒత్తుల కలయికలు వేల సంఖ్యలో ఉండటం వల్ల తెలుగుకు ఇది ఇంగ్లీషు కంటే కష్టమైన పని. నేటికీ మసక పుట మీద ఓసీఆర్ తప్పులు చేస్తుంది. మొదటే యూనికోడ్‌లో ఇస్తే ఆ శ్రమ అవసరమే రాదు.

అందుబాటు అంటే అంధుల సమస్య మాత్రమే అనుకోకండి. బధిరులకు వీడియో కింద మాటల పట్టీ కావాలి, సంకేత భాష కావాలి. చేయి కోల్పోయినవారికి మౌస్ లేకుండా కీబోర్డుతోనే పేజీ అంతా తిరగగలగాలి. రంగుల తేడా తెలియనివారికి ‘ఎరుపులో ఉన్నవి తప్పనిసరి’ అంటే లాభం లేదు. మేధోపరమైన వైకల్యం ఉన్నవారికి సులభమైన మాటలు, చిన్న వాక్యాలు కావాలి. 2020 సెప్టెంబరు 1 నుంచి కోవిడ్ కారణంగా తెలంగాణలో పాఠశాల పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ ద్వారా మొదలైనప్పుడు ఈ అవసరాలన్నీ ఒక్కసారిగా ఇంటి ముందుకు వచ్చాయి. గురువు పెదవుల కదలికను చూసి అర్థం చేసుకునే పిల్లకు, బోర్డు మీద రాసింది ఇంకొకరు చెబితే రాసుకునే పిల్లాడికి తెర పాఠం తరగతి పాఠంతో సమానం కాదు.

14.6 చట్టాల క్రమం

1995లో చేసిన వికలాంగుల చట్టం 1996 ఫిబ్రవరి 7న అమలులోకి వచ్చింది. అది ఏడు రకాల వైకల్యాలను గుర్తించి ఉద్యోగాలు, చదువు, కట్టడాల గురించి చెప్పింది. వెబ్‌సైట్ల ప్రస్తావన అందులో లేదు. అప్పటికి మన దేశ ప్రజలకు ఇంటర్నెట్ వచ్చి ఏడాది కూడా కాలేదు.

ప్రపంచంలో ఆ చర్చ త్వరగానే మొదలైంది. 1999 మేలో వెబ్ అందుబాటుకు సంబంధించిన తొలి అంతర్జాతీయ మార్గదర్శకాలు వెలువడ్డాయి. వాటినే డబ్ల్యూసీఏజీ అంటారు. 2008లో వాటి రెండవ రూపం వచ్చింది. ఈలోగా ఆస్ట్రేలియాలో బ్రూస్ మెగ్వైర్ అనే అంధుడు సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటు మీద ఫిర్యాదు చేశాడు. అందులోని బొమ్మలకు మాటల్లో వివరణ లేదన్నది ఆయన అభ్యంతరాల్లో ఒకటి. 2000 ఆగస్టులో అక్కడి మానవ హక్కుల సంఘం ఆయన పక్షాన నిలిచింది. నిర్వాహకులు 20,000 ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం 2007 అక్టోబరు 1న దాన్ని ధ్రువీకరించింది. అందులోని 9వ అధికరణం కట్టడాలతో పాటు సమాచార సాంకేతికతలో కూడా అందుబాటును బాధ్యతగా చెప్పింది. 2009లో భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు వచ్చాయి.

పుస్తకాలకు సంబంధించి మరో అడ్డు ఉండేది. అది కాపీరైట్. ఒక పుస్తకాన్ని ధ్వని రూపంలోకో బ్రెయిలీలోకో మార్చాలంటే హక్కుదారు అనుమతి ప్రశ్న వచ్చేది. 2012 సవరణ వికలాంగుల కోసం లాభాపేక్ష లేకుండా అలా మార్చుకోవడానికి వీలు కల్పించింది. 2013 జూన్‌లో మరాకేష్ నగరంలో ఇదే విషయమై అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దాన్ని 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే. 2016లో ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. వైకల్యాల సంఖ్య ఏడు నుంచి 21కి పెరిగింది. 42వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలి. పాత చట్టంలో వికలాంగుడు సంక్షేమం పొందేవాడు. కొత్త చట్టంలో హక్కు ఉన్న పౌరుడు. ఈ తేడా పరీక్షకే కాదు, జీవితానికీ ముఖ్యం.

చట్టం వచ్చినంత మాత్రాన అమలు జరగలేదు. 2005లో మొదలైన రాజీవ్ రతూరి కేసులో, అమలు ఎలా ఉందో పరిశీలించే పనిని సుప్రీంకోర్టు హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదిక ఆధారంగా 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. చట్టం తప్పనిసరి చేయాలన్నదాన్ని నియమావళిలోని 15(1) నియమం సలహాగా మార్చిందని కోర్టు దాన్ని కొట్టివేసి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో మరో అడుగు పడింది. బ్యాంకులు, ఫోను సంస్థలు ఖాతాదారును గుర్తించడానికి ‘కన్ను ఆర్పండి’ అని అడిగే పద్ధతిని ఆమ్లదాడి బాధితులు, అంధులు పూర్తి చేయలేకపోతున్నారు. డిజిటల్ అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పి, 20 ఆదేశాలు ఇచ్చింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1. సొంత సంకేతాల ఫాంటులో టైపు చేసిన పాఠాన్ని స్క్రీన్ రీడర్ ఎందుకు చదవలేదు?
2. 2024 తీర్పులో 15(1) నియమాన్ని ఎందుకు కొట్టివేశారు?

14.7 మూడు జిల్లాల్లో పరిస్థితి

ఈ మూడు జిల్లాల అధికారిక వెబ్‌సైట్లు జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన ఒకే వేదిక మీద నడుస్తున్నాయి. దాని పేరు ఎస్‌త్రీవాస్. ఆ పేరులోని మూడు ‘ఎస్‌’లలో ఒకటి ‘సుగమ్య’. ఈ సైట్లకు తెలుగు రూపం ఉంది. అక్షరాలను పెద్దవి చేసుకునే సౌకర్యం, రంగుల తేడాను పెంచుకునే సౌకర్యం, స్క్రీన్ రీడర్ల గురించిన పుట ఉన్నాయి. 1990ల నాటి స్థితితో పోలిస్తే ఇది పెద్ద మార్పు. ఇంటి ద్వారం వెడల్పు చేసి, వాలుబాట వేసినట్టు.

కానీ ఇంట్లోని పెట్టె సంగతి వేరు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఒక ఉత్తర్వు పుట్టే తీరు చూడండి. గుమాస్తా కంప్యూటరులో టైపు చేస్తాడు. అచ్చు తీస్తారు. అధికారి సంతకం పెడతారు, ముద్ర పడుతుంది. ఆ కాగితాన్ని మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడతారు. మొదట అక్షరాలుగా ఉన్నది చివరికి ఫొటో అవుతుంది. స్క్రీన్ రీడర్‌కు అందులో ఒక్క మాట కూడా దొరకదు. సంతకం చట్టబద్ధతకు అవసరమే. ఆ స్కాన్ పక్కనే అసలు పాఠాన్ని కూడా పెడితే రెండు అవసరాలూ తీరుతాయి. దానికి అదనపు ఖర్చు లేదు, తెలిసి ఉండటమే కావాలి.

రెండవ అడ్డు క్యాప్చా. వంకర అక్షరాల బొమ్మను చూసి టైపు చేయమని అడిగే పరీక్ష ఇది. మనిషా యంత్రమా అని తేల్చడానికి పెట్టింది, చూపు లేని మనిషిని కూడా యంత్రం కిందే లెక్కగడుతుంది. ధ్వని రూపంలో ప్రత్యామ్నాయం ఉంటే కొంత నయం.

ఇప్పుడు పహాణీ సంగతి మళ్లీ గుర్తు చేసుకోండి. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. రైతు తన భూమి వివరాలను ఇంటి నుంచే చూసుకోవాలన్నది ఇటువంటి ఏ పోర్టల్‌కైనా ఆశయం. చూపు లేని రైతు అలా చూసుకోలేకపోతే ఏమవుతుంది? పక్కింటి అబ్బాయినో నెట్ సెంటరునో ఆశ్రయిస్తాడు. ఆధార్ నంబరు చెబుతాడు, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెబుతాడు. 2014లో మొదలైన ఆసరా పింఛను తీసుకునే మనిషి బ్యాంకు యాప్ వాడలేకపోతే తన రహస్య సంఖ్యను ఇంకొకరి చేతిలో పెడతాడు. సాయం చేసేవారిలో ఎక్కువమంది నిజాయితీపరులే. అయినా 1940లలో పట్వారీ చదివింది నమ్మిన రైతుకూ, 2020లలో తెర మీద ఉన్నది ఇంకొకరు చదివితే నమ్మే రైతుకూ మధ్య ఎంత దూరం ఉందో ఆలోచించండి.

భూపాలపల్లి బొగ్గు గనుల ప్రాంతం. గని పనిలో, వ్యవసాయ యంత్రాల దగ్గర, రోడ్డు మీద జరిగే ప్రమాదాలు ఏ వయసులోనైనా మనిషిని వికలాంగుడిని చేయగలవు. చక్కెర వ్యాధి చూపును తగ్గించగలదు. కాబట్టి ‘ఇది కొద్దిమంది కోసం’ అనే మాట చారిత్రకంగానూ, వైద్యపరంగానూ నిలవదు. మరో అంశం కూడా ఉంది. 2011 లెక్కల్లో ఈ ప్రాంతపు అక్షరాస్యత తక్కువ. వినిపించే పాఠం, సులభమైన మాటలు, పెద్ద అక్షరాలు చదువు రాని పెద్దలకూ, గిరిజన తండాల్లో తెలుగు రెండవ భాషగా ఉన్నవారికీ ఉపయోగమే.

14.8 అంచనా

ఈ చరిత్ర నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, సాంకేతికత ముందు వచ్చింది, అలవాటు వెనకబడింది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగు ఉన్నా, దశాబ్దాల తరువాత కూడా పత్రాలు బొమ్మలుగానే పుడుతున్నాయి. రెండవది, హక్కు కాగితం మీదికి రావడానికి వికలాంగులే పోరాడారు. బ్రెయిలీ, కరన్, మెగ్వైర్, రతూరి వీరెవ్వరూ ఎవరో ఇస్తారని ఎదురుచూడలేదు. మూడవది, అమలు జరిగేది ఢిల్లీలో కాదు. ఫైలును టైపు చేసే బల్ల దగ్గర.

ఆ మూడవ విషయం మీకు నేరుగా తగులుతుంది. మీలో కొందరు రేపు పంచాయతీ కార్యదర్శులు అవుతారు, ఉపాధ్యాయులు అవుతారు, మీసేవ కేంద్రం నడుపుతారు. మీరు తయారు చేసే పత్రం ఎలా పుట్టాలో నిర్ణయించేది మీరే. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగు నేల మీదే పుట్టింది. చదువును గడప దాకా తేవడం దాని ఆశయం. గడప దాకా వచ్చిన చదువు లోపలికి రావాలంటే అక్షరం చెవికీ, వేలికీ కూడా అందాలి.

14.9 కార్యకలాపం

మీ జిల్లా వెబ్‌సైటు నుంచి ఒక తెలుగు పీడీఎఫ్‌ను, ఈ పుస్తకం డిజిటల్ ప్రతిని తీసుకోండి. రెండింటినీ ఇలా పరీక్షించండి:
1. అందులోని ఒక వాక్యాన్ని మౌస్‌తో ఎంచుకోండి. ఎంపిక కాకపోతే అది ఫొటో.
2. ఎంపికైతే కాపీ చేసి ఇంకోచోట అతికించండి. తెలుగు బదులు ఇంగ్లీషు గుర్తులు వస్తే అది సొంత సంకేతాల ఫాంటు.
3. తెలుగే వస్తే ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టి, కళ్లు మూసుకుని వినండి. శీర్షికలు, పట్టికలు అర్థమవుతున్నాయా?
4. బొమ్మలు ఉంటే వాటికి మాటల్లో వివరణ ఉందో చూడండి.
ఫలితాలను ఒక పుటలో రాసి అధ్యయన కేంద్రంలో చర్చించండి. ఈ పుస్తకమే పరీక్షలో తప్పితే ఆ సంగతి కూడా రాయండి.

14.10 సారాంశం

సమాచారం ప్రకటితమైనంత మాత్రాన అందినట్టు కాదు. శాసనం నుంచి పోర్టల్ దాకా చదవలేని పత్రం మధ్యవర్తిని పుట్టించింది. భారతీ బ్రెయిలీ, యూనికోడ్ అక్షరాన్ని దాని బొమ్మ నుంచి వేరు చేసి, దాన్ని చెవికీ వేలికీ అందేలా చేశాయి. 1995 చట్టం సంక్షేమం చెప్పింది, 2016 చట్టం హక్కు చెప్పింది, 2024, 2025 తీర్పులు ఆ హక్కును తప్పనిసరి చేసే దిశలో నడిపాయి. మన జిల్లాల్లో వెబ్‌సైట్ల నిర్మాణం మెరుగుపడింది. వాటిలో పెట్టే పత్రాల తీరు మారవలసి ఉంది.

14.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

అ) 30 పంక్తుల్లో సమాధానం రాయండి:
1. తెలుగు అక్షరం బ్రెయిలీ నుంచి యూనికోడ్ వరకు సాగిన ప్రయాణాన్ని వివరించి, వికలాంగుల చదువుపై దాని ప్రభావాన్ని పరిశీలించండి.
2. ‘చదవలేని పత్రం మధ్యవర్తిని పుట్టిస్తుంది.’ నిజాం కాలపు భూమి రికార్డులను, నేటి డిజిటల్ సేవలను ఆధారం చేసుకుని చర్చించండి.

ఆ) 10 పంక్తుల్లో సమాధానం రాయండి:
1. 1995, 2016 చట్టాలను పోల్చండి.
2. స్కాన్ చేసిన పీడీఎఫ్ వల్ల కలిగే ఇబ్బంది ఏమిటి? దానికి మీరు సూచించే మార్గం ఏది?
3. మరాకేష్ ఒప్పందం ప్రాధాన్యాన్ని తెలపండి.